కడిగిన బడి

ఏరు పొంగి చర్చిలో బల్లలు తేలిన ఏడు తర్వాత అయిదో ఏడు అది. ఆ వేసవి మొదట్లోనే మా చెల్లెలు లూవీనియా, మా చర్చి ఆడవాళ్లు కలిసి పిల్లల బడి కడిగారు. కడగడం కొత్త కాదు. ఏటా సెలవులయ్యాక, బడి తెరిచే ముందు కడిగేవాళ్లే. ఆసారి మాత్రం కడగకుండా ఉండవలసింది. ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

మా లాయరు మిస్టర్ హోలిస్ ఫోటోలు తీసే మనిషిని పంపిస్తున్నానని పట్నం నుంచి కబురు పెట్టాడు. మా నల్లపిల్లల బడి ఎంత అధ్వాన్నంగా ఉందో, రోడ్డు పక్క తెల్లపిల్లల ఇటుకల బడి ఎంత బాగుందో కోర్టుకి చూపించాలని. మా దగ్గరా వాళ్ల దగ్గరా పన్ను వసూలు చేసేది ఒకే కౌంటీ, మా జిల్లా సర్కారు. బడులు వేరైనా సమానమేనని కౌంటీ వాదన. సమానం కాదు, మా పిల్లల్ని కూడా ఇటుకల బడిలోనే చేర్చుకోమని మాది. కేసు మా బావ, లూవీనియా మొగుడు థర్మన్ గాస్కిన్ పేరు మీద నడుస్తోంది, కూతురు ఆలీన్ తరఫున. థర్మన్‌కి సొంత పొలం ఉంది, చర్చిలో పెద్ద, డీకన్. ఎవరి కిందా పనిచెయ్యడు కాబట్టి భయపడనవసరం లేదని ఆయన పేరు పెట్టారు. కబురు కూడా ఆయనకే వచ్చింది. ఇంటికొచ్చి టోపీ మేకుకి తగిలిస్తూ భార్యతో, "గురువారం పట్నం నుంచి మనిషొస్తున్నాడు, బడి చూడ్డానికి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. కేసు సంగతులు వంటింట్లో చెప్పేవి కావని ఆయన లెక్క.

పట్నం నుంచి మనిషి వస్తున్నాడంటే ఇల్లు నడిపే ఆడది ఏం చేస్తుంది. లూవీనియాని మేం వీనీ అంటాం. వీనీ చర్చి ఆడవాళ్లందరికీ చెప్పింది. బడికి బావి లేదు. ఎప్పట్లాగే చర్చి పంపు దగ్గర పీపా నింపి నా ట్రక్కులో తీసుకెళ్లి పెట్టాను. సోడా వేసి కాచిన నీళ్లతో, మోకాళ్ల మీద కూర్చుని, నేల మీది చెక్క చెక్కా రుద్దారు. పొయ్యి గొట్టానికి నల్లరంగు పూశారు. కప్పు కారే చోట లోపలివైపు సున్నం వేశారు. పిండి బస్తాల గుడ్డతో కుట్టిన తెరలు గంజిపెట్టి ఇస్త్రీ చేసి కిటికీలకి కట్టారు. అద్దం లేని కిటికీకి రెండు తెరలు కట్టారు. ఆర్డీలియా టీచరమ్మ ఇటుకల బడివాళ్లు పారేసిన పుస్తకాలకి మైదా జిగురుతో కొత్త అట్టలు అంటించి వరసగా నిలబెట్టింది. రేకు డబ్బాల్లో బంతిపూలు పెట్టారు. ఫోటోల మనిషి వచ్చి, గుమ్మంలో నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆడవాళ్లు పొంగిపోయారు. వేయించిన కోడి, చిలగడదుంపల తీపిరొట్టె పెట్టి పంపించారు.

నేను మాట్లాడే మనిషిని కాను. అందుకే వీనీ నా దగ్గర మాట్లాడేది. నా ట్రక్కులో కూర్చుని, నా వరండాలో అలసందలు ఒలుస్తూ, కొంత అప్పుడూ కొంత ఇరవై ఏళ్ల తర్వాతా చెప్పింది. ఇది ఆమె చెప్పిందే. చదివింది మూడేళ్లే కాబట్టి నాకు చేతనైనట్టు రాస్తున్నాను.

ఫోటోలు తీసుకుని హోలిస్ లాయరుగారు ఆదివారం థర్మన్ ఇంటికి భోజనానికి వచ్చాడు. కేసు చూసే కమిటీలో మగవాళ్లు కూడా వచ్చారు. బల్ల మీద ఫోటోలు పరిచాడు. ఫోటోల్లో నేల అద్దంలా ఉంది. తెరలు గాలికి ఎగురుతున్నాయి. లాయరుగారు చెంచా కింద పెట్టి, "డీకన్‌గారూ, నేను కోర్టులో ఏడవాలి. ఇవి చూపిస్తే జడ్జి తన పిల్లల్ని కూడా ఇక్కడే చేర్పిస్తానంటాడు" అన్నాడు.

అందరూ నవ్వారు. థర్మన్ నవ్వలేదు. "మా ఆవిడ పనే ఇది. ఇంటికి ఎవరొస్తున్నా చీపురు పట్టుకుంటుంది. రేపు దేవుడు వస్తున్నాడన్నా ముందు వాకిలి ఊడుస్తుంది" అన్నాడు. మళ్లీ నవ్వారు. వీనీ పొయ్యి దగ్గర నిలబడి అన్నం గిన్నెలోకి తీస్తోంది. ఆ నవ్వు వీపు మీద తగిలిందని చెప్పింది నాతో. చెప్పి ఉంటే కడిగేదాన్ని కాదు కదా అన్న మాట నోటిదాకా వచ్చింది. అన్నం గిన్నె చేతిలో ఉంది. గిన్నె పట్టుకున్న మనిషి మాట్లాడితే అది దెబ్బలాటలా ఉంటుంది.

"సరే, ఫోటోలు పోయాయి, నోటిమాట మిగిలింది" అన్నాడు లాయరుగారు. "డీకన్‌గారూ, మిమ్మల్ని బోనెక్కిస్తాను. అడుగుతాను, చెప్పండి. చలికాలం పొయ్యిలోకి కట్టెలెవరిస్తారు?"

"కౌంటీ ఇస్తుంది" అన్నాడు థర్మన్.

"ఇవ్వదు" అంది వీనీ పొయ్యివైపు తిరిగే. "మా అన్నయ్య తెస్తాడు. పెద్దపిల్లలు కొడతారు."

"పిల్లలు తాగే నీళ్లు?"

"బడి వెనకాల..." అని థర్మన్ ఆగాడు.

"బడి వెనకాల ముళ్లకంచె ఉంది" అంది వీనీ. "నీళ్లు చర్చి పంపువి. బకెట్లతో ఇద్దరమ్మాయిలు తెస్తారు. వాళ్లకి ఆపూట పాఠం ఉండదు."

"వాన పడితే?"

"తూర్పు మూల పిల్లలు పడమటి మూలకి వెళతారు. చిన్నక్లాసు వాళ్లు పెద్దక్లాసు వాళ్ల ఒళ్లో కూర్చుంటారు. లాయరుగారూ, ఇంకాస్త అన్నం పెట్టనా?"

లాయరుగారు కుర్చీ ఆమె వైపు తిప్పాడు. ఆ ఇంట్లో బల్ల దగ్గర కూర్చున్న మగవాడు కుర్చీ పొయ్యివైపు తిప్పడం అదే మొదలు. "అమ్మా, మీరు కోర్టుకి రావాలి" అన్నాడు.

థర్మన్ గొంతు సర్దుకున్నాడు. "వీనీ నలుగురిలో మాట్లాడే మనిషి కాదండీ. ఆవిడకి కంగారెక్కువ." ఆ మాట పెళ్లయిన కొత్తలో అత్తగారు అన్నది. అప్పటినుంచీ ఇంట్లో గడియారంలా ఉంది, ఎవరో ఒకరు తాళం తిప్పుతారు. కంగారున్న మనిషి నలుగురి బట్టలు ఉతికి, పత్తి తీసి, బడి కడిగి, ఆదివారం పదిమందికి వండిపెట్టగలదా అని ఎవరూ అడగలేదు. వీనీ కూడా తనని తాను ఎప్పుడూ అడగలేదు. ఆరోజు గిన్నె కడుగుతూ అడిగింది.

లాయరుగారు ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆమెకి నేర్పించాడు. అన్నీ ఆమెకి తెలిసినవే, ఒక్క మాట తప్ప. ఏమడిగినా చివరకి ఆ మాట దగ్గరికి రావాలన్నాడు. సమానం కాదు. కేసంతా ఆ మాట మీదే నిలబడింది. వీనీ బట్టలు ఆరేస్తూ అనుకునేది. సమానం కాదు. దుప్పటి తిప్పి వేస్తూ మళ్లీ అనుకునేది.

కోర్టురోజున నా ట్రక్కులోనే వెళ్లాం. టీచరమ్మ కూడా వచ్చింది. తెల్ల చేతితొడుగులు వేసుకుని వెనక బెంచీలో నా పక్కన నిటారుగా కూర్చుంది. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. నాకు మూడేళ్లు చెప్పింది ఆవిడే. మా నాన్న పోయాక నన్ను పనిలో పెట్టారు, వీనీని మాత్రం ఎనిమిదో క్లాసు దాకా ఆవిడే లాక్కొచ్చింది.

కౌంటీ లాయరు తెల్లాయన, పొట్టివాడు, మెత్తగా మాట్లాడతాడు. ఫోటోలు ఆయన చేతిలో ఉన్నాయి. ఎలా చేరాయో తెలీదు. "ఏం లూవీనియా, ఈ నేల చూడు. మా ఇంట్లో నేల కూడా ఇలా మెరవదు. ఈ బడికి ఏం తక్కువ?" అన్నాడు. కోర్టులో తెల్లవాళ్లు నవ్వారు.

"మీ ఇంట్లో నేల నేను కడగటం లేదు కాబట్టి మెరవదయ్యా" అంది వీనీ. ఈసారి వెనక బెంచీల్లో మావాళ్లు నవ్వారు. జడ్జి సుత్తి కొట్టాడు. "నేల కౌంటీ వేసింది. మెరుపు మాది. తెరలు మావి. నీళ్లు మావి, కట్టెలు మావి. ఇవి తీసేసి చూస్తే కౌంటీది ఏం మిగులుతుందో అది మా బడి. సమానం కాదు."

హోలిస్ లాయరుగారు తల వంచుకుని కాగితం మీద ఏదో గీశాడు. నవ్వు దాచుకోవడానికని నాకు తెలుసు. థర్మన్ ముందువరసలో భార్య వంకే చూస్తున్నాడు, ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కౌంటీ లాయరు కూర్చోబోయి మళ్లీ లేచాడు. వెనక బెంచీ వైపు చెయ్యి చూపించాడు. "మీ ఆర్డీలియా అక్కడే కూర్చుంది. నీకు చదువు చెప్పింది, నీ కూతురికీ చెబుతోంది. ఇటుకల బడిలో మిస్ కాల్డర్ ఉన్నారు, కాలేజీలో చదివారు. చెప్పు మరి, మీ ఆర్డీలియా మిస్ కాల్డర్‌తో సమానమేనా?"

ఆయన లెక్క ఏమిటంటే, చదువు చెప్పిన మనిషిని ఎదురుగా పెట్టుకుని ఎవరూ తక్కువని అనరు. సమానమే అంటుంది. సమానమే అంటే కేసులో సగం పోతుంది.

వీనీ టీచరమ్మ వైపు చూసింది. ఆ చూపులో ఆమెకి ఏం గుర్తొచ్చిందో నాకు చెప్పింది. ఇటుకల బడివాళ్లు పారేసిన కథల పుస్తకాల్లో చివరి పేజీలు ఉండేవి కావు. టీచరమ్మ పుస్తకం మూసి, పోయిన పేజీలు తన నోటితో చెప్పేది. ఓడ మునిగిన కథలో తల్లి ఒడ్డున దీపం పెట్టుకుని కూర్చుంటే కొడుకు ఆ వెలుగు చూసి ఈదుకొస్తాడు. వీనీ పెద్దయ్యాక బట్టలుతకడానికి వెళ్లిన ఇంట్లో అదే పుస్తకం, పేజీలన్నీ ఉన్నది, కనిపించింది. తడిచేతులు తుడుచుకుని చివరి పేజీ చూసింది. అందులో దీపం లేదు. తల్లి లేదు. కొడుకు మునిగిపోయాడు, పాఠం అయిపోయింది. ఆ పుస్తకం మూసేసి మళ్లీ సబ్బునీళ్లలో చేతులు పెట్టింది. మిస్ కాల్డర్‌కి పేజీలన్నీ ఉన్న పుస్తకాలున్నాయి. ఆవిడకి పేజీలు చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"సమానం కాదయ్యా" అంది వీనీ.

ముందు బెంచీల్లో తెల్లవాళ్లెవరో పకపకా నవ్వారు. కౌంటీ లాయరు కూర్చున్నాడు. హోలిస్ లాయరుగారు వెంటనే లేచి, "మేము అడగవలసిందేమీ లేదు" అన్నాడు. జడ్జి దిగిపొమ్మని చేత్తో చూపించాడు.

దిగటానికి ముందు కాస్త వ్యవధి ఉంది. ఊపిరి తీసుకునేంత. ఆ వ్యవధిలో మిగతా ముక్క చెప్పొచ్చు. టీచరమ్మే ఎక్కువ అని చెప్పొచ్చు. చెబితే, అంత గొప్ప టీచరు ఉండగా ఇంకో బడి ఎందుకని ఆ పొట్టాయన మళ్లీ లేచేవాడు. వీనీకి అది తెలుసు. కేసుకి ఆ మాట కిందివైపుకి, టీచరమ్మ తక్కువ అన్నట్టుగా వినబడితేనే లాభం. కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది. నా పక్కన టీచరమ్మ చేతితొడుగుల వేళ్లు ఒక్కొక్కటే సర్దుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో థర్మన్ ఒక్కడే మాట్లాడాడు. "చివర్లో అన్నావే, ఆ మాట. అది గట్టిమాట. లాయరుగారు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు." పట్టుకున్నది థర్మన్ చెయ్యి. వీనీ వెనక టీచరమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ రోడ్డు చూస్తూ వచ్చారు.

ఆ కోర్టులో ఓడిపోయాం. పైకోర్టుకి వెళదామన్నారు. చాలా ఏళ్ల తర్వాత గెలిచాం కూడా. కాని ఆ వేసవిలోనే కౌంటీ బడుల పెద్ద కారేసుకుని టీచరమ్మ ఇంటి ముందు ఆగాడు. కారు దిగలేదు. హారన్ కొట్టాడు. ఆవిడ ఎండలో కారు దాకా నడిచి వెళ్లింది. "ఆర్డీలియా, ఈ ఏడు నిన్ను పెట్టుకోలేం. నువ్వు సరిపోవని మీవాళ్లే బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పారు, ఇంక నేనేం చెయ్యను" అని, కారు తిప్పుకుని పోయాడు. బడి మాత్రం అక్కడే ఉంటుంది, ఆ కారే కప్పుతోనే. కొత్తగా ఒక చిన్నపిల్లని టీచరుగా వేస్తారట, తక్కువ జీతానికి.

ఆ కబురు విన్నరోజు వీనీ పొయ్యి మీద రొట్టె మాడ్చింది. థర్మన్ మాడిన అంచు గోటితో గీకి పక్కన పెట్టి, "టీచరమ్మ సంగతి నాకూ బాధగానే ఉంది. కాని వీనీ, యుద్ధంలో ఎవరో ఒకరికి తగులుతుంది" అన్నాడు. అది కమిటీలో అన్న మాటే, ఇంటికి తెచ్చాడు. వీనీకి ఒక సంగతి కొత్తగా తోచింది. ఈయన యుద్ధం అంటున్నాడు. తగిలింది టీచరమ్మకి, తగిలించింది నేను, పేరు మాత్రం ఈయనది. ఆ మాట పైకి అనలేదు. కంచం తీసి కడిగింది.

తను టీచరమ్మ దగ్గరికి వెళ్లలేకపోయింది. చర్చిలో ఎదురుపడితే పిల్ల జడ సర్దుతున్నట్టు వంగేది. ఎండలు తగ్గాక ఒకరోజు, "అన్నయ్యా, ట్రక్కు తియ్యి" అంది. బడి దగ్గర ఆపమంది. లోపలికి వెళ్లి తెరలు విప్పింది. ఒళ్లో పెట్టుకుని టీచరమ్మ ఇంటికి పదమంది.

టీచరమ్మ వరండాలో పీచ్ పళ్లు కోసి సీసాల్లో పెడుతోంది. "ఎజ్రా, నువ్వు కూర్చో. నీతో గొడవ లేదు, నువ్వు మాట్లాడవు" అంది. వీనీ నిలబడే ఉంది. టీచరమ్మ కత్తి ఆపలేదు. "ఆ మాట ఏవైపు అన్నావు వీనీ? పైకా, కిందికా?"

"పైకే టీచరమ్మా."

"నేనూ అలాగే విన్నాను. తర్వాత నువ్వు దిగి వచ్చేశావు."

"చెబితే కేసు పోయేది."

"పోయేది. నిజమే." పండు రెండుగా చీల్చి గింజ తీసింది. "ఒకటో క్లాసులో మీ అందరికీ మొదట నేర్పింది అక్షరం కాదు. పెదాల మీద వేలు పెట్టుకోవడం. ఈ ఊళ్లో అది వస్తే ప్రాణంతో ఉంటారనుకున్నాను. బాగా నేర్చుకున్నావు. మీ అన్నయ్య ఇంకా బాగా నేర్చుకున్నాడు. వాడికి మూడేళ్లు సరిపోయాయి." నవ్వింది. వీనీ నవ్వలేకపోయింది.

"నా మీద కోపముంటే అనండి టీచరమ్మా."

"కోపముంటే ఈపాటికి తీరిపోయేది." చేతులు తుడుచుకుంది. "అక్టోబరులో బాల్టిమోర్ వెళుతున్నాను, మా మేనకోడలి దగ్గరికి. ఆ ఒళ్లో ఉన్నవేమిటి?"

"బడి తెరలు. మీకని తెచ్చాను."

"బడివైతే నాకెందుకు. ఎవరి గుడ్డ?"

"నా పిండి బస్తాలు."

"ఎవరు కుట్టారు?"

"నేనే."

"మరి బడివి ఎలా అయ్యాయి?" అంది టీచరమ్మ. లెక్క తప్పు చేసిన పిల్లని అడిగినట్టే, మెల్లగా. జవాబు కోసం చూడలేదు. పళ్లు ముందుకు లాక్కుంది.

దారిలో వీనీ తెరలు నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడిచింది.

సెలవులైపోయి, ఏటా బడి కడిగే రోజొచ్చింది. ముందురోజు సాయంత్రం నేను వీనీ వాళ్లింట్లోనే భోంచేశాను. థర్మన్ అన్నాడు, "రేపు ఆడవాళ్లని తొందరగా రమ్మను. కొత్త టీచరు పట్నం పిల్లట. మన పరువు పోకూడదు. బావా, పీపా నింపి తెచ్చెయ్."

"నేను కడగను" అంది వీనీ.

థర్మన్‌కి వినబడలేదనుకుంటాను. రొట్టె విరిచాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నేను కడగను. ఎవర్నీ రమ్మనను."

"పిల్లలు ఆ మట్టిలో కూర్చుంటారా? ఆలీన్ కూర్చుంటుందా?"

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. ఆలీన్ తల వంచుకుని అన్నంలో వేలు తిప్పుతోంది. వీనీ కూతురి వైపు చూసింది, చాలాసేపు. "కూర్చుంటుంది" అంది. "దుమ్ము కౌంటీది. గౌను ఇంటికొచ్చాక నేను ఉతుకుతాను. నీ కేసు గెలవడానికి మా టీచరమ్మని కిందికి దించాను. ఆ నేలని పైకి లేపడం మాత్రం నావల్ల కాదు. అది మెరిసినన్నాళ్లూ సమానమే అంటారు."

"ఇది నా పేరుమీద ఉన్న కేసు వీనీ."

"అవును. నేల కూడా నీ పేరుమీద కడుక్కో."

అరవలేదు. ఉప్పు అందించినట్టు అంది. థర్మన్ నా వంక చూశాడు, నువ్వయినా చెప్పు బావా అన్నట్టు. నేను మంచినీళ్లు తాగి లేచాను.

పొద్దున్నే అలవాటు ప్రకారం చర్చి పంపు దగ్గరికి వెళ్లి పీపా నింపాను. నిండాక ట్రక్కులో కూర్చుని కాసేపు ఊరికే ఉన్నాను. తర్వాత వీనీ ఇంటికి పోనిచ్చాను. ఆమె వరండాలో అలసందలు ఒలుస్తోంది. ఈసారి కడగడం లేదన్న కబురు అందనివాళ్లు ముగ్గురు ఆడవాళ్లు బ్రష్షులు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. థర్మన్ చేతిలో కొత్త బ్రష్షు ఉంది. "ఇక్కడెందుకు ఆపావు బావా, బడికి పోనీ" అన్నాడు. నేను దిగి, ట్రక్కు వెనక్కి వెళ్లి, పీపా బిరడా లాగేశాను. నీళ్లు బురదతో కలిసి వీనీ కూరమడి సాలుల్లోకి పారాయి. ఆఖరి చుక్క దాకా అక్కడే నిలబడ్డాను.